గొట్టం చివర వెలుగు

ముఐథర్ అనే అరబ్బు పేట చివర, జలీల్ భాయ్ పాతసామాన్ల షెడ్డులో, ఆ రాత్రి నిరంజన్ గుండె పెళ్ళిపీటల మీదకన్నా జోరుగా కొట్టుకుంటోంది. కిరీటం ముద్ర, 1917, తూటాను లోపలికి తోసే బోల్టు మీదా బాడీ మీదా ఒకే నంబరు! ఏళ్ళ తరబడి వెతికిన మొదటి ప్రపంచ యుద్ధపు రైఫిలు, తయారైన ఎనభయ్యేళ్ళకు చేతికందింది.

"అసలు సరుకే సార్, అల్లా కసమ్. మంచిగ చూస్కోండ్రి," అన్నాడు జలీల్.

ఇక తుపాకీ గొట్టం లోపలే చూడాలి. బల్ల అవతల టార్చిలైటు వెలిగించి పెట్టి, బోల్టు ఊడదీసి, వెనక నుంచి కన్ను ఆనించాడు. మెలికలు తిరిగిన ఉక్కు గాడులు, చివర గుండ్రటి వెలుగు. ఒక్క తుప్పు చుక్క లేదు! గంతేయాలనిపించింది.

అంతలో వెలుగు ఆరి, మళ్ళీ వచ్చింది.

"వేలు అడ్డం పెట్టకండి భాయ్, వేళాకోళమా?"

"నేనా? మీ ఎన్కనే ఉన్న గద సార్!" జలీల్ నవ్వు భుజం పక్కనే వినిపించింది.

నిరంజన్ తలెత్తాడు. టార్చి నిలకడగా వెలుగుతోంది. దాని దగ్గర ఎవరూ లేరు.

భయం వద్దంటున్నా ఆశ ఊరుకోలేదు. మళ్ళీ కన్ను ఆనించాడు. గొట్టం చివర వెలుగు నెమ్మదిగా రెప్ప వేసింది. ఆ రెప్ప వెంట్రుకలతో సహా కనిపించింది.

"ఏం సార్, తీస్కుంటరా?"

"తీసుకుంటా," అన్నాడు నిరంజన్. గొట్టానికి ఆనించిన కన్ను మాత్రం తియ్యలేకపోయాడు.