వీరుడికి కొత్త తల

లారీ వెనక్కి వచ్చింది. వీరుడి తల కింద పడింది.

తప్పు లారీది. లబోదిబోమన్నది మాత్రం మాజీ సైనికుల సంఘం సెక్రటరీ. బనీనుతోనే బయటికి పరిగెత్తి తువ్వాలు పరిచాడు. ఏం లాభం? వెనక చక్రం తన పని తాను చేసుకుపోయింది. ముక్కేదో మూతేదో తెలియని సిమెంటు పిండి మిగిలింది.

మామూలు బొమ్మయితే పోనీలే అనుకోవచ్చు. యుద్ధంలో వంతెన పేల్చి, శత్రువుని అవతలి ఒడ్డునే ఆపి, ఆ వంతెనతోపాటే ఏట్లో కలిసిపోయిన పరాయి ఊరి సిపాయి బొమ్మ అది. అప్పట్లో ఊరు ఊరంతా ఏడ్చింది. ఆ ఏడుపు వేడిలోనే మునిసిపాలిటీవాళ్ళు బజారు నడిబొడ్డున స్థలం రాసిచ్చారు. షరతు ఒక్కటే. అమరుడి విగ్రహం నిలబడి ఉన్నంతకాలమే స్థలం సంఘానిది.

విగ్రహం వెనకే సంఘం భవనం. అందులో దిక్కూమొక్కూ లేని పాత సిపాయిలు. ఒకాయనకి కాలు లేదు, ఒకాయనకి చూపు లేదు, ఎవరికీ ఇల్లు లేదు. నలభై ఏళ్ళుగా వాళ్ళకి తల్లీ తండ్రీ సెక్రటరీయే. గడ్డాలు గీస్తాడు, పింఛను ఆఫీసులో పోట్లాడతాడు, పేకాటలో తగువులు తీరుస్తాడు. జీతం మాత్రం అడక్కండి, లేదు.

ఏటా జరిగే సంతాపసభకి మాత్రం రాడు. వంటగదిలో దూరి టీ కాస్తాడు. వీరుడి మీద ఉపన్యాసాలు వినలేడట! ముందు వరసలో కూర్చున్న ముసలాళ్ళేమో ఆ ఉపన్యాసాలకి ముసిముసిగా నవ్వుకుంటారు. వయసు మీదపడిందిలే అని ఊళ్ళోవాళ్ళు సరిపెట్టుకుంటారు.

కొత్తగా వచ్చిన మునిసిపల్ కమిషనరుకి ఆ స్థలం మీద కన్ను. అక్కడ కార్లు నిలిపే చోటు కట్టించాలని ఆయన కోరిక. తల పోయిందని వినగానే మొహం చేటంత చేసుకుని వచ్చాడు.

"తల లేనిది విగ్రహం ఎలా అవుతుందండీ? అది స్తంభం. ఆదివారానికి తల లేకపోతే భవనం ఖాళీ చెయ్యండి."

"మరి మావాళ్ళెక్కడికి పోతారండీ?"

"అదంతా నాకు తెలీదు. ఆయన ప్రాణం ఇచ్చాడు. మీరేమో ఇన్నేళ్ళుగా ఆయన పేరు చెప్పుకుని బతుకుతున్నారు."

"అది మాత్రం నిజమేనండీ" అన్నాడు సెక్రటరీ.

మర్నాడే శిల్పి దిగాడు.

"ఫోటో ఉందా?"

"లేదు. నేను చెప్తాను, మీరు చెయ్యండి."

పాపం, శిల్పికి కష్టాలు మొదలయ్యాయి. మట్టితో నమూనా చేస్తుంటే సెక్రటరీ భుజం మీంచి తొంగిచూడటమే పని.

"అబ్బే, అంతంత కళ్ళు కావు."

"వీరుడు కదండీ! చచ్చినవాడి కళ్ళు చారెడంటారు."

"చారెడూ లేదు, మూరెడూ లేదు. మామూలువే. తగ్గించండి."

మీసం మూడుసార్లు చెరిపించాడు. ముక్కు కాస్త ఎడమకి వంగాలన్నాడు. "పాత బొమ్మలో ఆయన పోలిక రవ్వంతైనా లేదు. చూడలేక చచ్చాననుకోండి" అని సణిగాడు.

సెక్రటరీ భార్య టీ తెచ్చి, "ఏమనుకోకు నాయనా, ఈయనకి ఈ బొమ్మ పిచ్చి" అంది.

"బాగా దగ్గరివాడా అండీ?" అడిగాడు శిల్పి.

"కలిసే పెరిగాం."

అలా అని సెక్రటరీ మొహం తిప్పుకున్నాడు. శిల్పికి జాలేసింది. నోరు మూసుకుని ముక్కు వంచాడు.

ఆదివారం కమిషనరు వచ్చేసరికి ముసలాళ్ళు మూటలు కట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. చూపు లేనాయన పక్కవాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కమిషనరు నిచ్చెన వేయించుకుని మరీ ఎక్కాడు. తలని వేలితో కొట్టి చూశాడు. ఊపి చూశాడు. కదల్లేదు. వంక ఏదైనా దొరుకుతుందేమోనని ఆ మొహంలోకి మొహం పెట్టి చాలాసేపు చూశాడు. ఏమైందో ఏమో, మెల్లగా టోపీ తీశాడు.

"ఎంత చిన్నవాడండీ!" అన్నాడు దిగి. "ఇలాంటి త్యాగం ఈ రోజుల్లో ఎవరు చేస్తారు? ఉండండి, మీరిక్కడే ఉండండి."

కాలు లేనాయన ఊతకర్ర గాల్లోకి విసిరాడు. సెక్రటరీ మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సంతోషం పట్టలేక ఏడ్చాడు.

కమిషనరు కారు మలుపు తిరిగిందాకా ఆగి, సెక్రటరీ భార్య బొమ్మని ఎగాదిగా చూసి, "అన్నీ అచ్చం దిగాయి గానీ, పెళ్ళినాటికి మీ చెవులు ఇంత చిన్నవి కావండీ" అంది.