బుధవారం దాకా వెనక్కి

అటక మీద ఆ పుస్తకాలు కనిపించేయి. కొత్తపేటలో మా బడి లైబ్రరీ నుంచి పోయిన పదకొండు పుస్తకాలు. నేనే తెచ్చి మరిచిపోయేను. నాతోపాటు అదే బడిలో పాఠాలు చెప్పిన ధనరాజే వాటిని దొంగిలించేడని మొన్న గురువారం పాత విద్యార్థులందరికీ మెయిల్ పంపేను. నలభై ఏళ్ళ పగ అలంకారాలతో సహా తీర్చుకున్నాను.

అది ధనరాజు చెవిన పడకూడదు. కంప్యూటర్‌ని పాత తేదీకి తీసుకెళ్ళవచ్చని పత్రికలో చదివేను. బుధవారానికి తీసుకెళ్ళబోతే మూడుసార్లూ కుదరలేదు. అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే కొండబాబుని పిలిపించేను. మా శిష్యుడే.

"రెండు యాంటీవైరస్‌లు వేసేరేంటండీ మేస్టారూ?"

"ఒకదాన్ని నమ్మలేక, దాని మీద కాపలాకి రెండోది."

"అవే అడ్డుపడుతున్నాయండి. ఏ ఫైలునీ మార్చనివ్వట్లేదు."

రెండింటినీ ఆపి మళ్ళీ మొదలెట్టేడు. తెర నల్లబడింది.

"ఆయ్, బుధవారానికి వెళ్ళిపోయిందండి."

"అయితే గురువారం పంపిన మెయిల్ వెళ్ళనట్టేగా?"

కొండబాబు తల దించుకున్నాడు. "వెనక్కెళ్ళింది మీ కంప్యూటరొక్కటేనండి. మెయిల్ అందరికీ చేరిపోయింది. నాకూ వచ్చింది."

"ధనరాజుకి తెలిసిందా?"

"ఆయనకి చూపు పోయింది కదండీ. సంగతి విని ఆయనే కబురు పెడితే, వెళ్ళి నేనే చదివి వినిపించేను."

"ఏమన్నాడు?"

"'ఎంత బాగా రాసేడురా! ఇంకోసారి చదువు' అన్నారండి."