కాశమ్మ చేతి పెరుగు

"ఇది మీ అత్త చెయ్యి కాదు బిడ్డా," అంటూ మామ లక్ష్మయ్య పెరుగు గిన్నెను పక్కకు జరిపాడు.

కోడలు బాలమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. అత్త కాశమ్మ పోయాక కర్మలన్నీ అయ్యేదాకా ఆగి, కొత్త కుండల్లో పాలు తోడేస్తోంది. ఒకరోజు పులుపు, ఒకరోజు జిగురు. అసలు తోడేమో చావురోజునే పోయింది. మైల ఇల్లని చుట్టాలు పాత కుండలన్నీ బయట పారేశారు. కాశమ్మ ఎవరినీ ముట్టనివ్వని తోడు ముంత కూడా వాటితోపాటే పోయింది.

మాదన్నపేటలో పెరుగంటే కాశమ్మదే. ఆ గల్లీలో ఏ పెళ్లి భోజనమైనా ఆమె పెరుగుతోనే ముగిసేది. ఎల్లుండి ఎదురింటి ఆండాలు కూతురి పెళ్లి. అప్పుడే వాకిట్లోకి వచ్చిన ఆండాలు అరచేతిలో కాస్త పెరుగు వేయించుకుని, నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఏమనుకోకు బాలమ్మా. రేపు పొద్దుగాల గూడ గిట్లనే ఉంటే నేను వేరేకాడ చెప్పుకుంట. మగపెండ్లోళ్ల ముంగట ఇజ్జత్ పోతది."

"ఒక్కపూట ఆగు అక్కా. గల్లీల అందరు మా అత్తకాడ తోడు తీస్కపోయినోళ్లే గద. ఎవరింట్లనన్న ఉండదా?"

ఆండాలును వెంటబెట్టుకుని బాలమ్మ ఇల్లిల్లూ తిరిగింది. తోడు దొరకలేదు గానీ అత్త ముచ్చట్లు మాత్రం బోలెడు దొరికాయి.

"నాకు పాలు పడక పెద్దోడు గుక్కపెట్టి ఏడుస్తుంటే, మీ అత్త బర్రెను తోలుకొచ్చి మా వాకిట్లనే పిండింది," అంది ఒకామె. "పైకెల్లి నన్నే తిట్టింది, ముందుగాల ఎందుకు చెప్పలేదని!"

"ఆ మతాల లొల్లి అయిన ఏడాది యాదికున్నదా? గడప దాటనీకి మొగోళ్లే భయపడుతుంటే, మసీదు ఎనక ఇండ్లకు పాల బిందె ఎత్తుకొని పోయింది. పసిపోరగాండ్లకు లొల్లి ఏం ఎరుక అన్నది. మా తోడా? అది ఎండలకు ఎన్నడో పాడైపాయె. బజార్ల కొంటున్నం," అంది ఇంకొకామె.

చివరికి గల్లీ కొసన రుక్మాబాయి గది ఒక్కటే మిగిలింది. దఫ్తర్‌లో గుమాస్తా అయిన మొగుడు చిన్న వయసులోనే పోతే, అప్పటినుంచీ ఒంటరిగా ఉంటోంది. బాలమ్మ అటు అడుగు వేస్తుంటే ఆండాలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"శుభమా అని పెండ్లి పెట్టుకుంటే విధవరాలి చేతి తోడా? నాకొద్దు తల్లీ!"

బాలమ్మ ఇంటికొచ్చి అత్త పీట పక్కన కూలబడింది. బతికున్నప్పుడు రోజుకోసారైనా తిట్లు తినేది. ఇప్పుడు ఆ తిట్టే గొంతు కోసమే ప్రాణం కొట్టుకుపోతోంది.

"నాకు నేర్పకనే పోయినవ్ గద అత్తమ్మా," అని వెక్కివెక్కి ఏడ్చింది.

దీపాలు పెట్టే వేళకు గుమ్మంలో రుక్మాబాయి నిలబడింది. కొంగు కింద గిన్నె ఉంది. దీపాలు పెట్టాక ఎవరికీ తోడు ఇవ్వకూడదని గల్లీ అంతా పాటించే మాటే. కాశమ్మ ఈమె విషయంలో మాత్రం దాన్ని పట్టించుకునేది కాదు. రోజూ ఇదే వేళకు గిన్నెతో వచ్చే ఈమెను లోపలికి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసేది. ఎంత దొడ్డమనసో అనుకునేవాళ్లు జనం. రోజూ ఈమెకు ఇయ్యాల్నా అని బాలమ్మ ఒకసారి గొణిగితే, "నోరు మూస్కో. ఆమె వస్తే లేచి నిలబడు," అని కసిరింది కాశమ్మ.

"ఇయ్యనీకి తోడు లేదు పెద్దమ్మా," అంది బాలమ్మ తలొంచుకుని.

"ఎర్కే బిడ్డా. ఇది పాలల్ల కలుపు," అని రుక్మాబాయి గిన్నె అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

బాలమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆండాలు మాట చెవిలో మోగుతూనే ఉంది. ఎవరి చేతిలో ఉంటేనేం, ఈ ఇంటి నుంచి పోయిన తోడే కదా అని గుండె దిటవు చేసుకుని పాలల్లో కలిపింది.

పొద్దున కుండ వంచినా పెరుగు కదలలేదు. లక్ష్మయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"వచ్చినవా కాశమ్మా," అని, పళ్లెం ఊడ్చి తిన్నాడు.

ఆండాలు రుచి చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. "గిదీ! గిది కాశమ్మ చెయ్యి! పెండ్లికి నాలుగు కుండలు తోడెయ్యి బాలమ్మా."

అది ఎక్కడిదో బాలమ్మ చెప్పలేదు. గిన్నె నిండా చిక్కటి పాలు పోసుకుని గల్లీ కొసకు వెళ్లింది. రుక్మాబాయి కాళ్లకు దండం పెట్టింది.

"మా అత్త ఇచ్చిన తోడును పానం లెక్క కాపాడినవ్ పెద్దమ్మా. మా ఇంటి పేరు నిలబెట్టినవ్."

రుక్మాబాయి ఆమెను లేపి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎవ్వలకు చెప్పొద్దని మీ అత్త నాతోని ఒట్టు ఏయించుకున్నది. ఇగ నీకన్న చెప్పకుంటే ఎట్ల?"

"ఏంది పెద్దమ్మా?"

"రోజూ నేను వచ్చింది తోడు తీస్కపోనీకి గాదు, ఇచ్చిపోనీకి."