నాలుగింటి ఫోన్

ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది.

రేఖ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. తెల్లవారుజాము నాలుగు. మళ్లీ అదే నంబరు.

ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ప్రాణం ఎలా విలవిల్లాడుతుందో లారీ డ్రైవర్ పెళ్లాన్నే అడగాలి. మహిపాల్ బెంగళూరు లోడుతో దారిలో ఉన్నాడు. పక్కలో ఏడాది నిండని బిడ్డ.

మొగుడికి ఫోన్ చేసింది.

"ఏందే, గీ యాల?" అన్నాడు మహిపాల్. వెనక హారన్లు వినిపిస్తున్నాయి.

"ఏం లేదు. పైలంగ రా."

కొత్త సంవత్సరం మొదలైనప్పటి నుంచీ రోజూ ఇదే వరస.

ఆ కొత్త సంవత్సరం ఆరాధనలో రేఖ మంచి ఊపు మీద ఉండింది. పాస్టరమ్మ ఏది అడిగినా చెయ్యెత్తేసింది. బైబిలు చదువుతానంది, ఉపవాసముంటానంది, ఇంకా దేనిదేనికో సరిగ్గా వినకుండానే సరేనంది. నెల తిరగకుండానే బిడ్డకు పళ్లు, మిషను మీద జాకెట్లు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. చెయ్యెత్తిన సంగతే మరచిపోయింది. పెబ్బేరు చర్చి నాలుగు వీధుల అవతలే ఉన్నా ఆదివారాలు కూడా ఎగ్గొట్టసాగింది.

ఒకనాడు ఉండబట్టలేక ఆ నంబరుకు తానే తిరిగి చేసింది.

అవతల ఆయాసం. తర్వాత ఒక ముసలి గొంతు.

"లేసినవా బిడ్డా?"

"ఎవరు? ఏం గావాలె నీకు?"

"లేసినవు గదా. మంచిది."

"ఎవరో చెప్పు ముందుగాల!" రేఖ అరిచింది.

ఆ గొంతు ఆమె మాట విననట్టే మెల్లగా నవ్వి, ఫోన్ పెట్టేసింది.

రేఖ బిడ్డను గుండెలకు అదుముకుంది. ప్రార్థన చేద్దామని తల మీదికి కొంగు లాక్కుంది గాని నోట మాట రాలేదు. దేవుడితో మాట్లాడి ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చి ఇంకా భయమేసింది.

పొద్దున పక్కింటి యమున విని నోరు నొక్కుకుంది.

"బాణామతే! చేతబడి చేసెటోళ్లు గట్లనే పిలుస్తరంట. పలికినవా ఏంది?"

"పలికిన."

"అయ్యో, ఎందుకు పలికినవే! సంటిపిల్ల ఉన్న ఇల్లు!"

"మేము గవన్ని నమ్మం," అంది రేఖ గట్టిగా. ఇంట్లోకొచ్చి తలుపులూ కిటికీలూ అన్నీ గడియ వేసుకుంది.

మహిపాల్ ఇంటికొచ్చాక చెప్పి ఏడ్చింది.

"పని లేని ముసల్ది ఎవరో. దానికి గింత పరేషానా?" అంటూ అతను ఆ నంబరును బ్లాక్ చేసి ఫోన్ ఆమె ఒడిలో వేశాడు.

ఆ తర్వాత నాలుగింటికి ఫోన్ మోగలేదు. రేఖ హాయిగా తెల్లారేదాకా నిద్రపోయింది.

అలా వేసవి వచ్చింది. ఒక గురువారం ఎవరూ లేపకుండానే నాలుగింటికి మెలకువ వచ్చింది. ఎందుకో తెలియదు. ఇల్లంతా నిశ్శబ్దం. మహిపాల్‌కి చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్.

రేఖ కొంగు కప్పుకుని మోకాళ్ల మీద పడింది. ఈసారి మాట వచ్చింది, ఒక్కటే మాట.

"ప్రభువా, ఆయన ఇల్లు చేరాలె."

బిడ్డ లేచి ఏడ్చేదాకా అదే మాట అంటూ ఉండిపోయింది.

పొద్దెక్కాక మహిపాల్ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"కునుకువట్టింది రేఖా. బండి డివైడర్ మీదికి పోయింది. ఎట్ల తిప్పిన్నో నాకే తెల్వదు. ఫోన్ కిందవడి పలిగింది."

ఆ ఆదివారం ప్రభువు చేసిన మేలును నలుగురిలో సాక్ష్యం చెప్పుకుందామని రేఖ చర్చికి పరుగెత్తింది. పాస్టరమ్మ గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది.

"మన ఘణపూర్ సంఘం నాగేంద్రమ్మవ్వ ప్రభువు దగ్గరికి వోయింది. సాయంత్రం ఆదరణ కూడిక. నువ్వు తప్పకుంట రావాలె."

"ఆమె ఎవరో నాకు తెల్వదమ్మా."

"తెల్వకపోవుడేంది?" పాస్టరమ్మ వింతగా చూసింది.

ఘణపూర్‌లో, ఖిల్లా గుట్ట కింద చిన్న ఇల్లు. పాస్టరమ్మతో కలిసి వెళ్లిన రేఖకు అవ్వ మనవరాలు గీత ఎదురొచ్చింది. చేతిలో పాత బటన్ల ఫోన్.

"రేఖక్క అంటే నువ్వేనా? అవ్వ రోజూ నీకే మిస్డ్ కాల్ ఇస్తుండె."

రేఖ ఆ ఫోన్ వంకే చూసింది.

"చైన్ ప్రేయర్ల అవ్వది మూడు గంటలకు, నాలుగు గంటలకు నీది," అంది పాస్టరమ్మ. "మహిపాల్ పేరు చెప్పి, ప్రయాణాలల్ల ఉన్నోళ్ల కోసం నేను చేస్తనని చెయ్యెత్తితివి గదా. ఒకరిది కాంగనే ఇంకొకరిని మిస్డ్ కాల్‌తోని లేపాలె. లేసినోళ్లు తిరిగి చెయ్యాలె. ఆ రాత్రే చెప్పిన గదా?"

"నేను అడిగిన, ఎవరని... చెప్పలే."

"అవ్వకు చెవులు ఇనరావక్కా," అంది గీత. "ఫోన్ల లైటు వెలిగితే నువ్వు లేసినట్టు. ఒక్కనాడు తిరిగి చేసినవంట గదా, ఆ దినమంత ఒకటే సంబురం. తర్వాత లైటు వెలగనే లేదు. 'సంటిపిల్ల తల్లి, పండుకోని తియ్యి' అనేది."

రేఖకు అడగాలంటేనే భయమేసింది.

"మరి... నా గంట?"

"నీ గంట గూడ అవ్వనే కూసునేది, 'మహిపాల్ ఇల్లు చేరాలె ప్రభువా' అనుకుంట," అంది గీత కళ్లు తుడుచుకుంటూ, "మొన్న గురువారం గూడ నీ గంటల కూసున్నది కూసున్నట్టే పానం ఇడిసింది."