యెన్ గారి ముసలి కంప్యూటరు

"చెప్పులు అక్కడ విప్పి లోపలికి రా. మాటలు తర్వాత," అన్నాడు యెన్ కో-లియాంగ్, గుమ్మంలో వానకోటుతో నిలబడ్డ కుర్రాణ్ణి ఎగాదిగా చూస్తూ.

"బాబాయ్ గారూ, నేను..."

"తెలుసు. పొద్దుట్నించీ నీకోసమే చూస్తున్నాను."

కుర్రాడి మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య. చాలామంది తలుపే తియ్యరండీ."

అంటే ఇదివరకే చాలా గుమ్మాలు ఎక్కి దిగాడన్నమాట అనుకున్నాడు యెన్. మొదటి మార్కు అక్కడే పోయింది.

యెన్ తైచుంగ్ నగరంలో ఓ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒక్కగానొక్క కూతురు షు-పింగ్‌ను తనే పెంచాడు. ఆమెను చేసుకుంటానని వచ్చినవాళ్ళలో ఒకణ్ణి, చచ్చినవాళ్ళకి పెట్టినట్టు చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువునా గుచ్చాడని పంపించేశాడు. ఇంకొకణ్ణి టీ మరీ చప్పుడు చేస్తూ తాగాడని సాగనంపాడు. నిన్న షు-పింగ్ తేల్చి చెప్పేసింది: "నాన్నా, రేపు మధ్యాహ్నం అతను వస్తాడు. కంప్యూటర్ల కంపెనీలో పని. నేనూ ఆఫీసునుంచి వచ్చేస్తాను. ఇతన్ని కూడా తరిమావంటే నేనింక పెళ్ళే చేసుకోను."

యెన్ తరమదలుచుకోలేదు. పరీక్ష పెట్టదలుచుకున్నాడు. మాటలు ఎవరైనా చెబుతారు. మనిషి గుణం పనిలో బయటపడుతుందని ఆయన నమ్మకం.

"అదిగో, అది చూడు," అన్నాడు మూలనున్న కంప్యూటరు వైపు గడ్డం చూపించి. "మీట నొక్కి, టీ కాచుకుని, తాగి, కప్పులు కడుక్కొచ్చినా తెర వెలగదు. షాపువాడు పారెయ్యమన్నాడు. నువ్వేమంటావు?"

"నేనాండీ? నాకు పెద్దగా తెలీదండీ. మా ఇంట్లోది మాత్రం నేనే బాగుచేస్తుంటాను."

వినయం ఉంది అనుకున్నాడు యెన్. పోయిన మార్కు తిరిగొచ్చింది.

"ముందు వంటగది ఒక్కసారి చూస్తానండీ."

"వంటగది ఎక్కడికీ పోదు! ముందు దీని సంగతి చూడు."

తిండిపోతులా ఉన్నాడు. మార్కు మళ్ళీ పోయింది.

కుర్రాడు గడియారం చూసుకున్నాడు. పెద్దాయన మొహం చూశాడు. నిట్టూర్చి, కింద చతికిలబడి, సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"అది వెంటేసుకుని తిరుగుతావా?"

"ఎప్పుడూ ఉంటుందండీ."

పెట్టె పక్క రేకు ఊడదీస్తే లోపల దుమ్ము దూదిపరుపులా పేరుకుని ఉంది. కుర్రాడు బ్రష్షుతో మెల్లగా దులిపాడు. "గాలి ఆడక ఉడికిపోతోందండీ పాపం. గోడకి కాస్త ఎడంగా జరపండి. నెలకోసారి ఇలా దులపండి." పెట్టె బిగించి, తెర వెలిగేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. "చూశారా, ఇది లేవగానే దీంతోపాటు ఇంతమంది లేస్తున్నారు. వీళ్ళని పడుకోబెడదాం. వైరస్సులకి కాపలా ప్రోగ్రాములు రెండున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఒకటి చాలు."

యెన్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, అమ్మా. నాన్న లేరండీ."

"తాగుతావా?"

"పనిలో ఉన్నప్పుడు ముట్టుకోనండీ."

ఇదేం జవాబు? మార్కు వెయ్యాలో తియ్యాలో యెన్‌కి తోచలేదు.

ఇంతలో కుర్రాడి చెయ్యి ఆగింది. "బాబాయ్ గారూ, డిస్కు నిండిపోయిందండీ. ఒకే ఫొటో ఇన్నిసార్లు ఉందేమిటి?"

తెరమీద పడవలో ఒకావిడ. గాలికి ఎగిరిపోతున్న టోపీని పట్టుకోబోతూ పకపకా నవ్వుతోంది. దాని పక్కన అదే ఫొటో. దాని కింద అదే.

యెన్ గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ. పోతుందేమోనని భయం. గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో కాపీ చేసి పెట్టుకుంటాను. షాపువాడు అన్నీ చెరిపేస్తానన్నాడు. చెయ్యి వెయ్యనివ్వలేదు."

కుర్రాడు మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. "మా అమ్మ కూడా అంతేనండీ. నాన్న గొంతున్న మెసేజి ఒకటుంది, ఫోను మారిస్తే పోతుందని ఆ పాత ఫోనే వాడుతోంది. నేను ఒక్కటీ చెరపను. విడిగా డిస్కేదైనా ఉందా?"

షు-పింగ్ ఎప్పుడో కొనిచ్చిన డిస్కు బీరువాలో సీలు విప్పకుండా ఉంది. యెన్ పరుగున తెచ్చాడు. కుర్రాడు ఫొటోలన్నీ అందులోకి చేర్చి, ఒక్కటి మాత్రం కంప్యూటరులో ఉంచి, ఆపి మళ్ళీ వెలిగించాడు.

యెన్ అలవాటుకొద్దీ టీ కాయడానికి లేచాడు. రెండడుగులు వేశాడో లేదో, వెనక తెర వెలిగింది. తెర నిండా ఆవిడ నవ్వు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, జామకాయ ముక్కలు కోసి, పైన రేగుపొడి చల్లి, పళ్ళెం తెచ్చి కుర్రాడి చేతిలో పెట్టాడు. మార్కుల లెక్క ఎప్పుడో మర్చిపోయాడు.

"తిను. మొహమాటపడకు. ఇది నీ ఇల్లే అనుకో."

"ఎందుకండీ ఇవన్నీ! అసలు నేను..."

"నువ్వేం చెప్పక్కర్లేదు. మనిషిని చూస్తే తెలీదా?" యెన్ అతని భుజం తట్టాడు. "మా షు-పింగ్‌కి ముక్కుమీద కోపం. మనసు మాత్రం వాళ్ళమ్మదే. నాకు నువ్వు నచ్చావు. ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా, పెళ్ళి ముహూర్తం మాట్లాడుకుందాం."

జామముక్క కుర్రాడి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"బాబాయ్ గారూ, నేను గ్యాసు లీకేజీ చూసిపోదామని వచ్చానండీ."