పసుపు పీలిక

ఆ పసుపు పీలిక అన్నమ్మ కట్టింది కాదు.

ఆమె కట్టినవన్నీ తెల్లవి. పాత దుప్పటి చించి, చేతిసంచిలో కుక్కుకుని తెనాలి నుంచి తెచ్చినవి. కొండ చుట్టూ తిరిగే కాలిబాటలో దారి చీలిన ప్రతిచోటా పొదకి ఒకటి ముడేసుకుంటూ వచ్చింది. ఇప్పుడు వెనక్కొచ్చి చూస్తే, తన తెల్ల పీలిక పక్కనే పసుపుది వేలాడుతోంది.

ఎవరు కట్టారు? ఇందాక వెళ్ళేటప్పుడు లేదే. తన వెనకాలే ఎవరన్నా వస్తున్నారా? అసలే కూతురు పుష్పలత కనబడటం లేదు.

వేసవి సెలవుల్లో చర్చి పిల్లలంతా కొండ చూద్దామని లారీ మాట్లాడుకుంటే, కూతుర్ని ఒక్కదాన్నే పంపలేక తనూ ఎక్కింది. మొదటి పీలిక కట్టినప్పుడే, పిల్లల్ని తీసుకొచ్చిన జ్ఞానానందం మాస్టారు నవ్వాడు. ఇది చుట్టుదారి అనీ, ఎటు తిరిగినా బయల్దేరిన చోటికే తెచ్చి దింపుతుందనీ చెప్పాడు. అన్నమ్మ నమ్మలేదు. ఆమె ఎరిగిన కాలవగట్లన్నీ ముందుకు పోయేవే గానీ ఒక్కటీ మొదటికి తిరిగొచ్చింది లేదు. పిల్లలంతా ముసిముసిగా నవ్వుతుంటే పుష్పలతకి తలకొట్టేసినట్టయింది.

“కొండ చుట్టూ తిరగడానికే ఇంత భయపడితే, నన్ను బాపట్ల ఏం పంపిస్తావమ్మా?” అంది.

నెల్లాళ్ళుగా ఇంట్లో అదే గొడవ. బాపట్ల వ్యవసాయ కాలేజీలో చేరి హాస్టల్లో ఉంటానని కూతురు. రైల్లో దొంగలు, హాస్టల్లో పాడు తిండి, పొలాల్లో పాములు, జ్వరమొస్తే దిక్కెవరని తల్లి. ముందు ఈ కొండ క్షేమంగా దిగు, ఆ తర్వాత చూద్దామని అక్కడికి నోరు మూయించింది అన్నమ్మ. కాసేపటికి, చెప్పులో ముల్లు దిగింది, తీసుకుని వస్తాను నువ్వు నడువమ్మా అని పుష్పలత వెనక ఆగిపోయింది. మలుపులో తలలు లెక్కపెట్టుకుంటే ఆ ఒక్క తలే తక్కువ. వస్తుందిలే అని మాస్టారు అంటున్నా వినకుండా, తన పీలికలు చూసుకుంటూ వచ్చిన దారినే పరిగెత్తింది.

రెండో పొదకి పసుపు పీలికలు రెండున్నాయి. మూడోదానికి ఎర్ర జాకెట్టు గుడ్డ, పూసలు గుచ్చిన దారం కూడా. ఆ తర్వాత దారి చీలిన చోట చూస్తే రెండు పక్కలా ముళ్ళకంపల నిండా గుడ్డలే. వాటిల్లో తన తెల్లది ఎక్కడుందో, తను ఏ దారిన వచ్చిందో అన్నమ్మకి అంతుపట్టలేదు. దారి తప్పకూడదని కట్టుకున్న గుర్తులే ఇప్పుడు దారి చెడగొట్టాయి.

అక్కడే బండ నీడలో ఒక పెద్దావిడ కూర్చుని, ఒళ్ళో తలపెట్టుకున్న కోడలికి పైటచెంగుతో విసురుతోంది. పేరు వెంకటరత్నమ్మ, రేపల్లె నుంచి వచ్చారట.

“ఏంటండీ ఈ గుడ్డలు?” అని అడిగింది అన్నమ్మ.

“తెలీదా చెల్లెమ్మా? మనసులో కోరిక చెప్పుకుని కడితే తీరుతుంది. మా బండివాళ్ళంతా కట్టి దిగిపోయారు. మా కోడలికి కళ్ళు తిరిగితే మేం ఆగాం. నీళ్ళ కోసం చూస్తున్నాం.”

“ఎవరు చెప్పారు మీకు?”

“తెలిసినవాళ్ళే చెప్పారు. ఊరికే ఎవరన్నా ఇంత ఎండలో పనిగట్టుకుని కడతారా ఏంటి?”

నేనే కట్టానండి అనబోయింది అన్నమ్మ. అంతలో ఆ కోడలు కళ్ళు తెరవకుండానే, పసుపు పీలికతో ఒక కొమ్మకి కట్టుకున్న చిన్న ఉయ్యాల వైపు చెయ్యి చాపి, ఉందా అని అత్తని అడిగింది.

“మా పిల్ల తప్పిపోయిందండి,” అంది అన్నమ్మ, అనబోయిన మాటకి బదులుగా. “ఒట్టి చంటిదాని కింద లెక్క. నా చెయ్యి వదిలితే అడుగు వెయ్యలేదు. ఎక్కడో కూలబడి ఏడుస్తూ ఉంటుంది. చూశారా?”

వెంకటరత్నమ్మ అయ్యో అంది. ఏడ్చే పిల్ల ఎవరూ ఇటు రాలేదని చెప్పి, చేతిలో మిగిలిన పసుపు గుడ్డ చించి ఇచ్చింది. “నువ్వూ ఒకటి కట్టు. పోయేదేముంది?”

అన్నమ్మ ఆ గుడ్డ వంక చూసింది. ఈ మహిమంతా తన దుప్పటిదని ఆమెకి తెలుసు. పాస్టరు గారికి తెలిస్తే ఏమంటారో కూడా తెలుసు. లోయలో పడి ఉన్న పిల్ల, పాము కరిచిన పిల్ల, ఎవరో నోరు నొక్కి లాక్కుపోతున్న పిల్ల వరసగా కళ్ళ ముందు తిరిగారు. అటూ ఇటూ చూసి, గబగబా కొమ్మ వంచింది.

“ప్రభువా, నీ పేరు మీదే కడుతున్నాను, వేరేగా అనుకోకు. నా బిడ్డ కనబడితే చాలు, బాపట్ల పంపిస్తాను.”

ముడి ఇంకా బిగించనేలేదు, కింద రాళ్ళ మీద చెప్పుల చప్పుడైంది. పుష్పలత ఎక్కివస్తోంది, నిండు చెంబు తొణక్కుండా రెండు చేతుల్తో పట్టుకుని. వస్తూనే కోడలిపిల్లకి నీళ్ళు తాగించి, మొహం తడిపి, అప్పుడు తలెత్తి చూసింది.

“నువ్వు ఇక్కడున్నావేంటమ్మా? దారి తప్పావా?”

అన్నమ్మ కూతుర్ని కావిలించుకుని భోరుమంది. ఏడుస్తూనే, బాపట్ల వెళ్దువుగాని అంది. పుష్పలత ముళ్ళకంప మీది పసుపు పీలిక వైపు ఓసారి చూసి తల దించుకుంది.

వెంకటరత్నమ్మ తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. “చంటిదన్నావు, ఈ అమ్మాయినా? ఈ పీలికలు ఎందుకని మేమడిగితే మహిమ గలవని చెప్పింది తనే కదా. మా గుడ్డ చించి మొదటి పసుపు పీలిక కట్టింది కూడా తనే, వాళ్ళమ్మకి భయం తగ్గాలని.”