ఉపాధ్యక్షుడెందుకంటే

“అధ్యక్షుణ్ణి చూసి ఓటేసేవాడు అమాయకుడు. పక్కన నిలబెట్టుకున్న ఉపాధ్యక్షుణ్ణి చూసి వేయాలి,” అన్నాడు ఒడెరో, రేడియో శబ్దం బాగా తగ్గించి.

అకెలో వెనక గుమ్మం దగ్గర కూర్చుని, ఎండిన ఒమెనా చేపల్లోంచి గుల్లలు ఏరుతోంది. “అంత ముఖ్యమా, ఆకిని వాళ్ళ నాన్నా?”

“మరి?” స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు ఒడెరో. వారం రోజులుగా అతనికి ఒకటే గుబులు. రేవులో మందాజీలు, అంటే నూనెలో వేయించిన బూరెలు, అమ్మే అపియోను రెండో భార్యగా తెచ్చుకోవాలి. పెద్దభార్య అకెలో సరేననకుండా ఆవరణలో రెండో ఇల్లు లేవదు. ఆమె ముందు నేరుగా నోరు విప్పే ధైర్యమా, లేదు. దేవుడి దయవల్ల ఎన్నికలొచ్చాయి.

అసలే పెద్దల పోరు ఒకటి. అన్న పోయి ఏడాదైంది, ఆచారం ప్రకారం వదిన దోర్కాస్‌ను భార్యగా చేపట్టమంటారు. దోర్కాస్ కేకేస్తే సరస్సు మధ్యలో పడవలు ఆగుతాయి. వానలయ్యాక చూద్దామంటూ, ఆమె గుమ్మం తప్పించి చుట్టుదారిన ఇంటికొస్తున్నాడు ఒడెరో.

“పోటీలో ఉన్న ఆ పొడుగాయన మంచివాడే. ఒంటిచేత్తో ఎన్ని చూస్తాడు? పొట్టాయన తెలివిగా గట్టి మనిషిని వెంటేసుకున్నాడు. నీ సంగతే తీసుకో. చేపలు, మేకలు, పిల్లలు. ఒక్కదానివే సతమతమవుతున్నావు.”

“నిజమే. నాకూ ఒక తోడుంటే బాగుండనిపిస్తుంది.”

ఒడెరో గుండె గంతులేసింది. మొన్న రేవులో అకెలో, అపియో నవ్వుకుంటూ మాట్లాడుకోవడం కళ్ళారా చూశాడు.

“మరి ఆ రెండో మనిషిని ఎంచేదెవరు? జనమా?”

“జనానికేం పని? మొదటి మనిషే ఎంచుకోవాలి. ఇద్దరికీ పడాలి కదా.”

“గొంతుండాలా?”

“ఉండాలి. సభ చివరిదాకా వినపడాలి.” మందాజీలమ్మే అపియో తీయటి కేక అతని చెవుల్లో మోగింది.

“నాయకుడు పని ఎగ్గొడితే నిలదీయాలా?”

“నిలదీయాల్సిందే.”

అకెలో చేట కింద పెట్టింది. “నేనడిగేది దేశం సంగతి కాదు, మనింటి సంగతి. ఊరంతటికీ తెలిసింది నాకు తెలీదనుకున్నావా?”

ఒడెరో నేల చూపులు చూశాడు. “నీకిష్టమైతేనే,” అన్నాడు సిగ్గుపడుతూ.

“నాకిష్టమే. నేను ఎంచిన మనిషైతే నీకు సమ్మతమేనా?”

“ఎందుకు కాదు? నువ్వు ఎంచిన మనిషే ఈ ఇంటికి రెండో భార్య.”

“గట్టిగా చెప్పు, వినపడలేదు.”

ఒడెరో లేచి, ముంగిట్లోని తండ్రి సమాధి వైపు చెయ్యి చాచాడు. “నాన్న మీద ఒట్టు. అకెలో ఎంచిన మనిషే ఈ ఇంటికి రెండో భార్య,” అన్నాడు, ఇరుగుపొరుగుకు వినపడేలా.

అకెలో చేతులు దులుపుకుని వెనక తలుపు తీసింది.

“దోర్కాస్ అక్కా, లోపలికి రా, ఒట్టేశాడు.”